ఛాంపియన్ కాని మావయ్య

మావయ్య పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కాకినాడలో ఉన్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "బండి మీదా?"

"కాదురా. వరండాలో, పడక్కుర్చీలో. కాఫీ తాగి, పేపరు చూస్తూ అలాగే ఒరిగిపోయాడంట."

"హమ్మయ్య!" అన్నాను.

మేనల్లుడు అనదగిన మాట కాదని నాకూ తెలుసు. సిగ్గుపడుతూనే బస్సెక్కాను. ఊళ్లో దిగాక ఆ సిగ్గు కాస్త తగ్గింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే అదే అడిగి, అదే అంటున్నారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "అందరికన్నా ముందు నేనే అన్నాన్రా" అంది.

పాఠకులు మమ్మల్ని రాతిగుండెల వాళ్లని అనుకునేలోపు అసలు సంగతి మనవి చేసుకుంటాను. కోడిపందెం తప్ప వేరే పందెం ఎరగని మా ఊరి నుంచి జాతీయ మోటార్‌సైకిల్ రేసుకు వెళ్లిన ఒకే ఒక్క మనిషి మా మావయ్య. వయసులో ఉండగా ఒక్కసారి వెళ్లాడు. ఇంట్లోవాళ్లకు భయం మాత్రం జీవితాంతం మిగిల్చాడు. ఆయన గుమ్మం దాటాడంటే, తిరిగొచ్చి బండికి స్టాండు వేసిన చప్పుడు వినేదాకా పొయ్యి మీద ఉన్నది పప్పో పులుసో అత్తయ్యకు తెలిసేది కాదు.

ఆ పోటీల చరిత్రను మావయ్య పురాణం చెప్పినట్టు చెప్పేవాడు. మొదట్లో ట్రాక్ అంటూ లేదు. మద్రాసు దగ్గర, యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే మీదే పరుగు. మలుపుల దగ్గర గడ్డిమోపులు పేర్చేవారు. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికే లైటూ మడ్‌గార్డులూ ఊడదీస్తే అది రేసు బండి. సాయంత్రం మళ్లీ బిగిస్తే ఆఫీసు బండి. కొందరు ఇంజన్లో ఆముదం నుంచి తీసిన ఆయిల్ పోసేవారు కాబట్టి, రేసు మొదలైతే గాలంతా తలంటు రోజు ఇంట్లో లాగా ఆముదం వాసన వేసేదట. తర్వాత్తర్వాత అసలైన ట్రాక్ కట్టారు. కంపెనీల టీములు వచ్చాయి, తోలు సూట్లు వచ్చాయి. ఇప్పటి రేసులను ఫోన్‌లో చూస్తూ మావయ్య మురిసిపోయేవాడు. "చూశావా, వీడికి టైరు మార్చడానికో మనిషి, గొడుగు పట్టడానికో మనిషి. మాకు దాహమేస్తే మేమే బోరింగు కొట్టుకునేవాళ్లం."

ఆయన బండి పాలకొల్లు నుంచి కొబ్బరికాయల లారీ ఎక్కి మద్రాసు చేరింది. తనిఖీ చేసే ఆఫీసరు చైన్లోంచి కొబ్బరిపీచు బయటికి లాగి ఇదేమిటని అడిగితే, "మా స్పాన్సర్లండి" అన్నాడట.

"గెలిచావా మావయ్యా?" అని చిన్నప్పుడు అడుగుతూ ఉండేవాణ్ణి.

"లేదురా. చివరివాళ్లలో ఉన్నాను. కానీ పూర్తి చేశాను. నాకన్నా స్పీడుగా వెళ్లినవాళ్లు చాలామంది గడ్డిమోపుల్లో ఉన్నారు."

మా ఊళ్లో పాత వరద కూడా చెప్పినకొద్దీ ఓ అడుగు పెరుగుతుంది. మావయ్య స్థానం మాత్రం ఎన్నేళ్లు చెప్పినా ఒక్క మెట్టు పైకి రాలేదు.

ఇంకో వింత. కాలవగట్టు మీద ఆయన అంత నెమ్మదిగా బండి నడిపేవాడు ఈ జిల్లాలో లేడు. కొబ్బరాకుల మోపులు కట్టుకున్న సైకిళ్లు కూడా ఆయన్ని దాటిపోయేవి. "జాతీయ రేసరువి, ఏంటీ నడక?" అని వెక్కిరిస్తే, "ఇక్కడ గేదె అడ్డొస్తే రేసులోలా ముందే జెండా ఊపి చెప్పేవాడు లేడు కదరా" అనేవాడు.

ఇక మా వైపు ఆచారం. మనిషి పోతే పెద్దకర్మలోపు సెంటర్లో ఫ్లెక్సీ కట్టాలి. లేకపోతే పోయినట్టు లెక్కకు రాదు. అత్తయ్య తమ్ముడు, నాకు బాబాయి, భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయన, ఆ పని నెత్తిన వేసుకున్నాడు. కర్మకు ముందు రోజు ఫ్లెక్సీ షాపు నుంచి డిజైన్ ఫోన్‌కు వచ్చింది. ఎవరో విదేశీ రేసరు తోలు సూట్లో, మోకాలు నేలకు రాసుకుంటూ మలుపు తిరుగుతున్నాడు. ఆ మెడ మీద మావయ్య తల. ఆధార్ కార్డులో ఉండే తలే. కింద నిప్పుల అక్షరాల్లో "అఖిల భారత ఛాంపియన్".

బతికినన్నాళ్లూ ఆ రేసు గురించి ఒక్క అబద్ధం ఆడని మనిషి చేత, పోయాక నడిసెంటర్లో ఆడించబోతున్నాం.

"బాబాయ్, మావయ్య గెలవలేదు కదా."

"తెలుసురా. పోయినాయన గురించి నాలుగు మాటలు ఎక్కువ చెబితే ఎవడికి నష్టం?"

అత్తయ్య ఫోన్ అందుకుంది. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మోకాలు నేలకి తగులుతోందేంట్రా?"

"అది ఆయన కాదత్తయ్యా. తల ఒక్కటే మనది."

"తీసేయించు" అంది తమ్ముడితో. "ఇలా ఎక్కడ పడుకుంటారో అనేగా ఇన్నేళ్లు భయపడి చచ్చాను. పోయాక నువ్వు పడుకోబెడతావా?"

"పోనీ బొమ్మ మారుస్తాను. ఛాంపియన్ ఉండనీ అక్కా, ఊరి ముందు గొప్పగా ఉంటుంది."

"ఎవడి గొప్పరా అది? మీ బావగారు పూర్తి చేసి, కాళ్లూ చేతులతో ఇంటికొచ్చారు. నాకు అంతకన్నా గొప్పేముంది? అదే రాయించు."

బాబాయి అప్పటికప్పుడే షాపుకు ఫోన్ చేశాడు. ఆయన తన మాట వెనక్కి తీసుకోగా చూడటం నాకదే మొదలు. అప్పుడు నేను వదిలిన ఊపిరి కాలవగట్టు దాకా వినిపించే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. తెల్లచొక్కాలో, బండి పక్కన నిలబడి మావయ్య. కింద ఒకే వరస: "జాతీయ మోటార్‌సైకిల్ రేసు పూర్తి చేశారు." అత్తయ్యను ఆటోలో తీసుకెళ్లాను. ఆవిడ దగ్గరగా వెళ్లి నిలబడింది. ఫొటోలో మావయ్య చొక్కా పైగుండీ పెట్టి లేదు. పెట్టబోయినట్టు అత్తయ్య చెయ్యి పైకి లేచింది. ఆయన మరీ ఎత్తులో ఉన్నాడు. మునివేళ్ల మీద లేచినా అందలేదు. తనలో తనే నవ్వుకుని, చెయ్యి దించేసింది.