పది నిమిషాల సలాడ్ కోసం ముత్తుకూరు దాకా

బుచ్చిరెడ్డిపాలెం నుంచి ముత్తుకూరు వెళ్ళాలనుకునేవాళ్ళు బస్సులో వెళ్ళండి, ఆటోలు మారుతూ వెళ్ళండి, బండి మీద వెళ్ళండి. చేతిలో కీరా కాయల సంచి, సాస్ సీసా, వెనిగర్ సీసా, నూనె సీసా పెట్టుకుని మాత్రం వెళ్ళకండి. మొన్న బుధవారం నేను వెళ్ళాను కాబట్టి చెబుతున్నాను.

ఈ ప్రయాణానికి కారణం మా చెల్లెలు సునీత. దాని భర్త ప్రభాకర్ పోర్టులో పనిచేస్తాడు, కాపురం ముత్తుకూరులో. సునీతకి డెంగీ వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో ఉండి ఇంటికి చేరింది. జ్వరం పోయింది, దాంతోపాటే ఆకలి కూడా పోయింది. ఏది నోట్లో పెట్టినా చేదంటుంది. గంజి రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తుంది. ఇలాగే ఉంటే శుక్రవారం మళ్ళీ చేర్చుకుని సెలైన్ పెట్టాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట.

బుధవారం పొద్దున్నే సునీతే ఫోన్ చేసింది.

"అక్కా, నాకు ఒకటి తినాలనిపిస్తా ఉంది."

నా ప్రాణం లేచొచ్చింది. "చెప్పు, ఏంది? చేపల పులుసా?"

"కాదు. ఫోన్లో చూసినా. కీరా సలాడ్. కొరియా వాళ్ళదో, చైనా వాళ్ళదో. కాయని టప్పున కొట్టి పగలగొట్టి, నల్ల సాస్ పోసి కలిపింది ఆమె. చూస్తా ఉంటే నోట్లో నీళ్ళు ఊరినాయి. పది నిమిషాల్లో అయిపోద్దక్కా."

"అయితే మీ ఆయన్ని చెయ్యమను."

"ఆయనకి దోసకాయకీ కీరాకీ తేడా తెలీదు. నువ్వే రా."

నేను బట్టలు కుడతాను. ఒక పెళ్ళి వాళ్ళవి జాకెట్లు సగం కుట్టి ఉన్నాయి, ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "మా చెల్లెలికి సలాడ్ చేసి వస్తానమ్మా" అంటే ఆవిడ నన్ను చూసిన చూపు నేను చాలా రోజులు మరిచిపోలేను. అయినా షట్టరు దించేశాను.

ఎనిమిది దాటాక నెల్లూరు బస్సు దొరికింది. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అందువల్ల సీటు కూడా లేదు. కండక్టరు నా కార్డు వెలుతురుకి పట్టి చూసి, "ఈ ఫొటోలో ఉండేది నువ్వేనా అమ్మా?" అన్నాడు.

"అప్పుడు నేనే" అన్నాను.

దామరమడుగు దగ్గర పాల క్యాను పట్టుకుని ఎక్కిన ఒకామె నా పక్కనే ఇరుక్కుని నిలబడింది. "నెల్లూరులో ఆసుపత్రికా?" అని పలకరించింది.

"కాదు, కీరా కాయలకి."

"కీరా అంటే? దోసకాయలేనా? మా దొడ్లో కావాల్సినన్ని ఉండాయే. పప్పులోకా?"

"పప్పులోకి కాదమ్మా, పొడుగ్గా ఆకుపచ్చగా ఉంటాయే, పచ్చివి తినేవి."

"పచ్చికాయ తినేదానికి బస్సెక్కి పోతా ఉండావా!" అని ఆమె గట్టిగా ఆశ్చర్యపోయింది. ముందు సీట్లలో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. పెన్నా వంతెన మీద బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ చెడిపోయిందట. నది మీద గాలి బాగానే వస్తోంది గానీ దాన్ని ఆనందించే స్థితిలో నేను లేను. పాల క్యాను నా కాలి వేళ్ళ మీద ఉంది.

నెల్లూరులో దిగేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు ఎదురుగా ఒక బండి దగ్గర నిలబడి కారం దోసె తిన్నాను. ఆ పూటంతటిలో నాకు దక్కిన సుఖం అదొక్కటే. మీరూ తినండి, అయితే నీళ్ళ సీసా చేతిలో పెట్టుకుని తినండి.

సోయా సాస్ తేలిగ్గానే దొరికింది. నూడుల్సు బండ్ల వాళ్ళందరూ కొనే కొట్టు ఒకటుంది, వాళ్ళే ఇచ్చారు. చిక్కు వెనిగర్ దగ్గర వచ్చింది. మామూలు వెనిగర్ కాదట, బియ్యంతో చేసిన వెనిగర్ కావాలట. సునీత మెసేజ్ పెట్టింది. స్టోన్‌హౌస్‌పేటలో ఒక పెద్ద కిరాణా కొట్టాయన్ని అడిగాను.

"బియ్యం వెనిగరా?" అని ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "అక్కా, బియ్యం అడుగు, ఈడ లారీలకు లారీలు ఉండాయి. పాతవి కావాల్నా, కొత్తవి కావాల్నా? బియ్యంతో వెనిగరు మాత్రం నేను ఇనలేదు."

ఊరంతా బియ్యమే, ఒక్క సీసా వెనిగర్ లేదు. ఆటో ఎక్కి మాగుంట లేఔట్‌లో ఒక సూపర్ మార్కెట్‌కి పోయాను. అక్కడ ఏసీ ఉంది, పాట ఉంది, బియ్యం వెనిగర్ లేదు. ఉన్నదేదో ఒక మామూలు సీసా తీసుకుని సునీతకి ఫోన్ చేస్తే, "సరేలే, నువ్వు ఇంకో కొట్లో గూడా చూడరాదా" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

నువ్వుల నూనె కొట్లో ఇంకో పంచాయితీ. "దీపానికా, తినేదానికా?" అన్నాడు.

"మేము దీపాలు పెట్టం నాయనా, చర్చికి పోతాం. తినేదానికే."

"అయితే ఆవకాయకా?"

"సలాడ్‌కి."

అతను ఒక్క క్షణం ఆలోచించి, దీపం నూనె సీసా పక్కన పెట్టి ఇంకో సీసా ఇచ్చాడు. వీడియోలో నూనె ముదురు రంగులో ఉందట, వేయించిన నువ్వులతో తీసిందట. ఇది తేనె రంగులో ఉంది. నాకు ఓపిక అయిపోయింది. నువ్వులు విడిగా కొని, ఇంట్లోనే వేయించి చల్లుదామనుకున్నాను.

చిన్న బజారులో కీరా కాయలు ఏరుకోవడానికి మాత్రం కాస్త సమయం తీసుకున్నాను. లావువి వద్దు, గింజ ముదిరి ఉంటుంది. సన్నగా, నిగనిగలాడుతూ, చేత్తో పట్టుకుంటే బిగువుగా ఉన్నవి ఐదు తీసుకున్నాను. అమ్మే ఆమె ఒకదాని కొస కోసి నా చేతిలో పెట్టింది. చేదు లేదు.

ముత్తుకూరు బస్సు ఎప్పుడొస్తుందని బస్టాండులో ఎవరిని అడిగినా ఇప్పుడే పోయిందన్నారు. నలుగురిని అడిగాను, నలుగురూ ఇప్పుడే అన్నారు. పన్నెండు కావస్తుండగా ఒకటి వచ్చింది. ఈసారి సీటు దొరికింది. సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను, సీసాలు మాత్రం ఒళ్ళో ఉంచుకున్నాను. పక్కన ఒక పెద్దాయన బియ్యం మూటతో కూర్చుని దాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టాడు. కూతురింటికి పోతున్నాడట, కొత్త బియ్యమట, పిల్లకి బయట కొన్న బియ్యం పడదట. ఎవరి ఇంట్లో చూసినా ఇదే వరస అనుకున్నాను.

ఆ రోడ్డు గురించి చెప్పాలి. బొగ్గు లారీలు, కంటైనర్లు, నూనె ట్యాంకర్లు. పోర్టు దగ్గర నూనె ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, ట్యాంకర్ వెనక ట్యాంకరు పాకుతూ పోతున్నాయి. వాటి వెనక మా బస్సు, అందులో ఒళ్ళో పావు లీటరు నూనె సీసాతో నేను. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఒకచోట ముందున్న ట్యాంకరు ఉన్నట్టుండి ఆగింది. మా డ్రైవరు బ్రేకు తొక్కాడు. బియ్యం మూట పక్కకి ఒరిగి సరిగ్గా నా సంచి మీద పడింది. కింద నుంచి పటపటమని శబ్దం వచ్చింది.

సంచి తెరిచి చూశాను. ఐదు కాయలూ నిలువునా పగిలి ఉన్నాయి.

పెద్దాయన తొంగి చూసి, "పగిలినా రుచి పోదులే తల్లీ" అన్నాడు.

"మీ మూట పెద్దది, మీ మాట కూడా పెద్దదే" అన్నాను. తరవాత సిగ్గేసింది. దిగేటప్పుడు ఆయన సంచి అందిస్తే తీసుకుని, ఒరిగిన ఆయన మూటని సరిగ్గా నిలబెట్టి దిగాను.

ఇంటికి చేరేసరికి ఒంటి గంట దాటింది. ప్రభాకర్ ఎదురొచ్చాడు, మొహంలో ఎంతో సంతోషం. "వదినా, మీకు శ్రమెందుకని నేను గూడా తెచ్చినా" అని పళ్ళెం చూపించాడు. గుండ్రంగా, పసుపు పచ్చగా ఆరు దోసకాయలు.

కరెంటు లేదు. చుట్టూ కరెంటు తయారుచేసే ప్లాంట్లు పొగ వదులుతున్నాయి, ఈ ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. సునీత మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. దారి పొడుగునా పోగేసుకున్న కోపాన్ని పక్కన పెట్టాను.

"వీడియో చూపించు" అన్నాను.

"ఫోన్ చచ్చిపోయింది అక్కా. పొద్దుట్నుంచి అదే చూస్తా ఉండానులే."

వంటింట్లోకి వెళ్ళి కాయలు తీస్తుంటే సునీత అత్త సువార్తమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఏంది కరుణమ్మా, పచ్చి కీరానా? ఒంట్లో రక్తం లేని బిడ్డకి చలవ చేసే కాయ పెడతావా? గొంతు పట్టుకుంటాది. నేను ఒప్పుకోను."

"డాక్టరు ఏదైనా తిననివ్వమన్నాడంట అత్తా."

"డాక్టరుకేం, చెప్పి పోతాడు. ఆసుపత్రిలో దాని మంచం కింద పండుకున్నది నేను. ప్లేట్‌లెట్లు పడిపోయినాయని నర్సులు పరిగెత్తతా ఉంటే చూసింది నేను."

పొద్దుట్నుంచి అందరితో పడుతూ వచ్చిన నాకు ఇక్కడ కూడా పోట్లాడే శక్తి ఉంది గానీ, ఆ మాట విన్నాక కాయల్ని గట్టు మీద పెట్టేశాను. ప్రభాకర్ మా ఇద్దరి మధ్యా పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి సునీత అంది: "అత్తా, నాకు తినాలనిపిస్తా ఉంది. ఇన్నాళ్ళకి ఒక్కటి అనిపించింది."

సువార్తమ్మ పక్కకి జరిగింది. పోతూ పోతూ ప్రభాకర్ చేతిలో దోసకాయలు లాక్కుని, "వీటితో పప్పన్నా చేస్తా, వచ్చిన మనిషి ఆకలితో ఉంటాది" అంది.

ఇక చేశాను. పగిలిన కాయల్ని శుభ్రంగా కడిగి, చపాతీ కర్రతో ఇంకో దెబ్బ వేసి, చేత్తోనే ముక్కలుగా తుంచాను. కత్తితో కోస్తే నున్నగా వస్తాయి, సాస్ పట్టదు. ఉప్పు కలిపి కాసేపు ఉంచితే నీళ్ళు ఊరాయి, వాటిని పిండేశాను. వెల్లుల్లి రెండు రెబ్బలు చితక్కొట్టాను. సోయా సాస్, వెనిగర్, చిటికెడు చక్కెర, కాస్త నువ్వుల నూనె. నువ్వులు వేయించి, ఎండుమిరపకాయ కచ్చాపచ్చాగా నలిపి పైన చల్లాను. చేసే పని నిజంగానే చిన్నది. దాని చుట్టూ ఉన్నదే పెద్దది.

గిన్నె తీసుకెళ్ళి సునీత ముందు పెట్టాను. ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. అందరం దాని మొహమే చూస్తున్నాం.

"ఇది అది కాదక్కా" అంది.

నాకు కళ్ళు మండాయి. "ఇంకేం కావాలే నీకు? పెళ్ళి బట్టలు వదిలేసి, నెల్లూరంతా తిరిగి, మూట కింద పడి వచ్చినా. కొరియా పోయి తెమ్మంటావా? తినకపో! శుక్రవారం సూదులు గుచ్చించుకో!" అనేసి వరండాలోకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. వచ్చింది కోపమో భయమో నాకే తెలియలేదు. అప్పటిదాకా దాన్ని చూసి ఒక్కసారి కూడా ఏడవలేదు.

కాసేపటికి లోపల కరకరమని వినిపించింది. మళ్ళీ వినిపించింది. కిటికీలోంచి చూస్తే సునీత గిన్నె ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో ఏరుకుని తింటోంది. సువార్తమ్మ పక్కన కూర్చుని, రెండు ముక్కలకొకసారి గంజి గ్లాసు దాని నోటికి ఆనిస్తోంది. సునీత వద్దనకుండా తాగుతోంది. గ్లాసులో సగం దిగాక సువార్తమ్మ తను కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"పులుపు చాలలా" అంది.

"అది కాదన్నా గానీ బాగలేదన్నానా? ఎందుకట్టా అలిగి పోతావు?" అంది సునీత నన్ను చూసి.

ఆ మధ్యాహ్నం దోసకాయ పప్పుతో నేను అన్నం తిన్న తీరు చూసి ప్రభాకర్ రెండుసార్లు వడ్డించాడు.

నాలుగు దాటాక తిరుగు బస్సెక్కాను. ముత్తుకూరు నుంచి వచ్చేటప్పుడు సీట్లకి కరువుండదు, అది ఒక్కటే ఈ దారికి నేనిచ్చే మెచ్చుకోలు. తక్కిన ప్రయాణం ఎవరికీ సిఫారసు చెయ్యను. వెళ్ళక తప్పనివాళ్ళు ఎలాగూ నన్ను అడగరు.

సగం దూరం రాకముందే ఫోన్ మోగింది. సువార్తమ్మ.

"కరుణమ్మా, రాత్రికి గూడా కావాలంటా ఉండాది. ప్రభాకర్ కీరాలు తెచ్చినాడు, ఈసారి మంచివే. ఆ నల్లనీళ్ళు ఎన్ని గరిటెలు?"

"గరిటె కాదత్తా, చెంచా! చిన్న చెంచా!"

"ఆఁ? గరిటేనా?"

లారీల హారన్ల మధ్య నేను చెంచా చెంచా అని అరుస్తుంటే బస్సంతా వింటోంది. వెనక సీటు మనిషి కూడా జాలిపడి "చెంచా అంట పెద్దమ్మా!" అని కేకేశాడు. అప్పుడు ఫోన్లో దూరం నుంచి ఇంకో గొంతు వినిపించింది.

"అత్తా, చెంచా అని మొత్తుకుంటా ఉంటే గరిటె అంటావేంది! ఇట్టా ఇయ్యి, నేను చేసుకుంటా!"

ఇన్నాళ్ళూ ఫోన్లో దాని మాట వినడానికి మిషను ఆపి, రెండో చెవి మూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనును చెవికి జానెడు దూరంగా పట్టుకున్నాను.

"ఎవరమ్మా అంత గట్టిగా అరుస్తా ఉండేది?" అంది పక్క సీటామె.

"మా చెల్లెలు" అన్నాను.