బావ అలకకు మారిన ఇంజను

మా బావకు కారు నడపడం రాదు. కారు తలుపు కూడా రెండోసారికి గానీ సరిగ్గా మూయలేడు. అయినా మా కారు ఇంజను బాగుచేయించాలా, తీసేసి వేరేది పెట్టాలా అన్నది తేల్చింది ఆయనే. తేల్చడం కూడా మా ఇంట్లో పీట మీద కూర్చుని, వంకాయ కూర కలుపుకుంటూ తేల్చాడు. ఇన్నేళ్ళయినా నాకు ఆ కూర మీద కూడా కోపం పోలేదు.

అరవైల చివరి సంగతి. మాది గజపతినగరం. మా నాన్న ఒక కంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా చేసి, ఆయన కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతది తాను తీసుకుని అద్దెకు తిప్పాడు. నాన్న పోయాక స్టీరింగు నా చేతికి వచ్చింది. మామూలు రోజుల్లో విజయనగరానికో, బొబ్బిలికో, సాలూరుకో మనుషుల్ని తీసుకెళ్ళేవాణ్ణి. దాంతో రోజు గడిచేది, అంతే. అమ్మనూ నన్నూ ఏడాది పొడుగునా నిలబెట్టింది మాత్రం పెళ్ళిళ్ళు.

పెళ్ళి ఊరేగింపులో కారు నడపడం చూసేవాళ్ళకు తేలిక. ముందు సన్నాయి మేళం, వెనక కారులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, చుట్టూ చుట్టాలు. నడిచే మనిషికన్నా మెల్లగా పోవాలి. సన్నాయి అతను నాలుగు వీధుల మొగలో నిలబడి కీర్తన ఎత్తుకుంటే ఆగాలి, అతను కదిలితే కదలాలి. మధ్యలో ఇంజను ఆగిపోతే ముసలమ్మలు అపశకునమంటారు. గట్టిగా మోగితే సన్నాయి వినపడదు. మా బండిది పెట్రోలు ఇంజను. మొదటి గేరులో వదిలేస్తే తనలో తాను గొణుక్కుంటున్నట్టు ఉండేది గానీ బయటికి వినపడేది కాదు. మాఘమాసం వస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి "ఆ మెత్తని బండి ఉన్నాదా" అని అడిగేవాళ్ళు. నా పేరు ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నాకది చిన్నతనం అనిపించలేదు. గర్వంగానే ఉండేది.

ఆ ఇంజను అరిగిపోయింది. వెనక నీలంగా పొగ వదలడం మొదలుపెట్టింది. ఆయిలు పోస్తే పోసిందంతా తాగేసేది. సాలూరు దాటాక కొండ ఘాటీ ఎక్కేటప్పుడు మనుషుల్ని దింపి నడిపించాల్సి వచ్చేది. ఒకసారి ఒక కరణంగారిని అలా దింపితే, ఆయన నాకన్నా ముందు పైకి చేరి, చుట్ట వెలిగించుకుని నా కోసం ఎదురుచూశాడు. ఆ తరువాత మా బండి ఎక్కలేదు.

విజయనగరంలో నాన్నకాలం నుంచి మా బండి చూసే మేస్త్రీ ఉండేవాడు. నోటి దురుసు మనిషి. ఇంజను పైన మూతలా ఉండే హెడ్డు విప్పి, సిలిండర్లలో వేలు పెట్టి చూసి, ఆ వేలు నా చొక్కాకే తుడిచాడు.

"రెండుసార్లు బోరు సేసిందే ఇది. ఇంకోసారి తట్టుకుంటాది. సిలిండర్లు నునుపుగా సెక్కించి, కొత్త పిస్టన్లు, రింగులు ఎట్టించు. కాదంటావా, డీజిలు ఇంజనొకటి సూసి పెడతాను. అదీ నడుస్తాది, నూనె ఖర్చు తగ్గుతాది. కానీ మోత. నీ ఇష్టం. రేపు నన్ను తిట్టకు."

నాకు పెద్దగా ఆలోచించాల్సింది కనపడలేదు. మెత్తని బండి అన్న పేరే మా అన్నం. బోరు చేయిద్దామనే అనుకున్నాను. దసరా అప్పుడే వెళ్ళింది, మాఘం చాలా దూరంలో ఉంది. ఇంజను దింపి విశాఖపట్నం పంపి తెప్పించడానికి కావలసినంత తీరిక ఉంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, సరిగ్గా అప్పుడే మా బావ వచ్చాడు.

బావది రాజాం. గోగునార వ్యాపారం. మా అక్క పురిటికి మా ఇంటికి వచ్చి, ఆడపిల్లను కని, మూడో నెల వచ్చేదాకా మా దగ్గరే ఉంది. ఆమెనూ పిల్లనూ తీసుకెళ్ళడానికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు. తాగడు, కొట్టడు. అలుగుతాడు. పెళ్ళిలో అలకపాన్పు మీద అల్లుళ్ళందరూ ఒక పూట అలుగుతారు, ఏదో ఒకటి పుచ్చుకుని దిగుతారు. మా బావ ఆ పాన్పు దిగనే లేదు. పెరుగు పలచనైందని ఒకసారి, వీధిలోకి ఎదురు రాలేదని ఒకసారి, ఎదురు వచ్చిన మనిషి చిన్నవాడని ఇంకోసారి. ఆ చిన్నవాణ్ణి నేనే.

ఆ రోజు భోజనాల దగ్గర నేనే మాట ఎత్తాను. బండి బోరుకు ఇస్తున్నాను, వారం పదిరోజులు ఉండదు, అందుకని రేపే మిమ్మల్ని రాజాంలో దింపేస్తాను అన్నాను. ఆయన ముద్ద కలుపుతూనే తల అడ్డంగా ఊపాడు.

"బోరేటి బామ్మర్దీ. ముసిలెద్దుకి నాడాలు కొట్టించినట్టు. తీసి పారీ దాన్ని. డీజిలు ఎట్టించు. మా రాజాంలో లారీలన్నీ డీజిలే."

"లారీ మీద పెళ్ళికూతురు ఊరేగదు కదా బావా," అన్నాను.

అని నవ్వాను. అదే కొంప ముంచింది. మాట కాదన్నందుకా, నవ్వినందుకా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. బావ కంచంలో చెయ్యి కడిగేశాడు. కూర సగం అలాగే ఉంది. తలుపు వెనక నిలబడ్డ అమ్మ "బాబూ, బాబూ" అంటూనే ఉంది. ఆయన చెప్పులు తొడుక్కుని బస్సుల దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు. అక్క సర్దుకున్న పెట్టె, పిల్ల ఉయ్యాల తాళ్ళు వరండాలో ఉండిపోయాయి.

రెండు రోజులకు వస్తాడనుకున్నాం. రాలేదు. వారం గడిచింది. వీధిలో ఆడవాళ్ళు బావి దగ్గర అమ్మను పట్టుకుని "అల్లుడుగోరు ఇంకా రానేదేటమ్మా" అని అడగడం మొదలుపెట్టారు. ఆ అడగడంలో ఎంత జాలి ఉంటుందో, ఎంత సరదా ఉంటుందో ఆడపిల్ల ఉన్న ఇంటికే తెలుస్తుంది. అమ్మ నీళ్ళకు ఎవరూ లేని వేళ చూసుకుని పోయేది. వచ్చి బిందె దించి నా మీద పడేది.

"ఇనప ముక్క కోసం అక్కని ఇంట్లో కూకోబెట్టుకుంటావేటిరా?"

"ఆయనకి ఇంజనంటే ఏటో తెలీదమ్మా."

"తెలీకపోతే ఏటి? అల్లుడు."

మా బాబాయిని రాజాం పంపాం. ఆయన అక్కడ రెండు పూటలా శుభ్రంగా తిని, వక్కపొడి నములుతూ తిరిగి వచ్చాడు. "ఇంజను మారిస్తే వత్తాడంట. నా మాటకి ఇలవ నేని గుమ్మం నాను తొక్కను అన్నాడు. మార్చీరా. పోయేదేటుంది," అన్నాడు. పోయేది నాది కాబట్టి ఆయనకు ఏమీ కనపడలేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ అక్క ఒక్క మాట అనలేదు. పిల్లను ఒళ్ళో వేసుకుని వెనక వసారాలో కూర్చునేది. అమ్మ వండింది తినేది, పిల్ల పడుకుంటే తానూ పడుకునేది. పలకరిస్తే ఊ అనేది. దిగులుతో నోరు పడిపోయిందనుకున్నాను. ఆ ముఖం వంక చూడలేకపోయేవాణ్ణి. నా ఒక్క నవ్వు వల్ల తోబుట్టువు కాపురం వీధిన పడుతుందేమోనన్న భయం పట్టుకుంది. అమ్మ పోరుకు గానీ బాబాయి మాటకు గానీ నేను లొంగేవాణ్ణి కాను. అక్క ఊరుకోవడమే నన్ను లొంగదీసింది.

బండిని మేస్త్రీ దగ్గరికి తోలుకెళ్ళి డీజిలు పెట్టమన్నాను.

"బోరన్నావు కదరా?"

"ఇంట్లో అనుకున్నాం."

"మీ ఇంట్లో మెకానిక్కెవుడు?" అన్నాడు. ఇంటి సంగతి బజారులో ఎలా చెప్పను.

గొలుసు కట్టి పాత ఇంజను పైకి లాగి, పక్కన మట్టిలో దించారు. నాకు ఏడుపు వచ్చింది. ఇనుము కోసం ఏడ్చాడంటారని ఆపుకున్నాను. కొత్తదానికి డబ్బు చాలక పాతదాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయవలసి వచ్చింది. వాడు దాన్ని సుత్తితో విడగొట్టి బండిలో వేసుకుపోయాడట. నేను చూడలేదు. మేస్త్రీ చెప్పాడు, అడగకుండానే.

డీజిలు ఇంజను బరువుకు కారు ముక్కు కిందికి వంగింది. స్టార్టు చేస్తే తలుపులు, అద్దాలు, వెనక నంబరు పలక, అన్నీ వణికేవి. సీటు మీద కూర్చుంటే పళ్ళు టకటకలాడేవి. బావ అలిగి అప్పటికి నెల అయింది. ఆయనకు కబురు చేశాం. మర్నాడే దిగాడు. బానెట్టు మీద గుర్రాన్ని తట్టినట్టు రెండు దెబ్బలు తట్టి, అమ్మ పెట్టిన పెసరట్టు తిని, అక్కనూ పిల్లనూ ఎక్కించుకున్నాడు. రాజాం దాకా పిల్ల గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. బావ ముందు సీటులో కూర్చుని "సూసావా, లాగుడు ఎలగున్నాదో" అంటూనే ఉన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇంత కమ్మగా ఉంటుందని నాకు ఆ దారిలో తెలిసింది.

మాఘం వచ్చింది. మొదటి పెళ్ళి మా ఊరి దగ్గరే ఒక పల్లెలో. ఊరేగింపు రెండు వీధులు కూడా సాగలేదు. సన్నాయి అతను వాయించడం ఆపి వెనక్కి వచ్చాడు. పెద్దవాడు, నాన్నను ఎరిగినవాడు.

"బాబూ, నువ్వు ఎనకాలుంటే నా సన్నాయి నాకే ఇనపడ్డం నేదు. ఇంజను ఆపీ," అన్నాడు.

ఆపాను. పెళ్ళికూతురు బాసికం అప్పటిదాకా వణికి వణికి ఒక పక్కకు జారి ఉంది. పెళ్ళికొడుకు తరఫు కుర్రాళ్ళు చొక్కాలు విప్పి కారు తోశారు. ఊరంతా తోస్తూనే తిప్పారు. స్టీరింగు పట్టుకుని, నడవని బండికి డ్రైవరుగా కూర్చున్నాను. కొందరు నవ్వారు. పెళ్ళికూతురి తండ్రి నన్ను ఏమీ అనలేదు. ఆయన అనకుండా మిగిల్చిన మాట చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ వెళ్ళింది. ఆ మాఘంలో గానీ, తరువాత వైశాఖంలో గానీ మెత్తని బండి కోసం ఎవరూ రాలేదు. మామూలు బేరాలు బస్సులు పట్టుకుపోయాయి. ఆ డీజిలు ఇంజను కుదుపుకు కారు అడుగు చట్రం కూడా పగిలింది. అతుకు వేయిస్తే ఇంకోచోట పగిలింది. చివరికి బండి అమ్మేశాను.

తరువాత నేను రాజాంలో ఒక షావుకారు దగ్గర లారీ డ్రైవరుగా కుదిరాను. గోగునార మోసే లారీ. డీజిలే. ఆ పని ఇప్పించింది మా బావ. "మా బామ్మర్ది, మంచి డ్రైవరు," అని పదిమందిలో చెప్పి మరీ ఇప్పించాడు. ఆ ఉపకారం కూడా మోశాను.

ఒక రోజు మధ్యాహ్నం నార ఎక్కిస్తుంటే, ఆ కాస్త వ్యవధిలో బావ భోజనానికి ఇంటికి తీసుకెళ్ళాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అక్క వడ్డించింది. ఏవో నార ధరలు మాట్లాడుతూ మాట్లాడుతూ బావ నిట్టూర్చాడు.

"ఆ పాత ఇంజను బోరు సేయించీసుంటే బాగుణ్ణు బామ్మర్దీ. మెత్తని బండది. నువ్వు తొందరపడిపోనావు."

తల తిప్పి ఆయన వంక చూశాను. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. ఎవరు మార్పించారో ఆయనకు గుర్తే లేదు. ఒళ్ళు మండిపోయింది. కానీ కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయే హక్కు అల్లుళ్ళది, బావమరుదులది కాదు. మొత్తం తిన్నాను. మజ్జిగ కూడా పోయించుకున్నాను.

పెరట్లో చేతుల మీద అక్క నీళ్ళు పోస్తుంటే ఆపుకోలేక అనేశాను.

"ఇన్నావు కదా. నీ కోసం ఇంజను తీయించీసేను అక్కా. బండి పోయింది, నాన్న పేరు పోయింది. ఇప్పుడు తొందరపడింది నానంట."

అక్క చెంబు పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"నా కోసమా?" అంది. "నానేటన్నానురా? పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కాడినుంచి ఈల్ల అలకలు తీర్సడమే నా పని. ఆ నెల్లాళ్ళే నాను కడుపునిండా తిని, కంటినిండా పడుకున్నాను. మీ బావ ఇంకో రెండు నెలలు అలిగితే బాగుణ్ణని సింహాచలం అప్పన్నకి దండం ఎట్టుకున్నాను. ఈలోగా నువ్వు ఇంజను మార్చీసి, నన్ను బేగి బేగి తెచ్చి దించీసేవు. నన్ను ఎవులైనా అడిగేరేటి?"

లోపలి నుంచి బావ వక్కపొడి అడిగాడు. అక్క చెంబు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను తడి చేతులతో అక్కడే నిలబడ్డాను. మేస్త్రీని అడిగాం. బాబాయిని రాజాం పంపి బావను అడిగించాం. వసారాలో పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న మనిషిని అడగడానికి మాకు ఆ నెల్లాళ్ళూ చాలలేదు.