శనక్కట్టె వామి మలుపు

నిన్న మనవడు టీవీలో కార్ల పందెం చూస్తూ నాకు పాఠం చెప్పాడు. "మలుపు కాడ కారు ఎట్ల పోతాదో చూడవ్వా. దూరం నుంచి వస్తాది, నడిమధ్యలో లోపలి అంచు తాకుతాది, మళ్లా దూరానికి పోతాది." ఆ కిటుకు తానే కనిపెట్టినట్టు చెప్పాడు. నేనూ కొత్తగా విన్నట్టే విన్నాను.

పుల్లతో సైకిలు టైరు తోలిన నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా ఊరు మంగళవాడలో వానలు మొహం చాటేసిన ఏడు, బోసిపోయిన కళ్లమే మాకు పందెం బాట. దాని చివర ముందటేడు పెరికిన వేరుశనగ చెట్ల కుప్ప, శనక్కట్టె వామి. దాన్ని చుట్టి వెనక్కి రావాలి. ఓడినవాళ్ళ టైరు గెలిచినవాళ్ళది. నాన్న సైకిలు టైరు అరిగితే తప్ప నాకు మరొకటి రాదు.

మా పెద్దమ్మ కొడుకు ఓబులేసు నా ఈడువాడే. దారి తగ్గుతుందని మొదటినుంచీ వామి వైపుకే ఒత్తుకుని పోయాడు. మలుపులో టైరు తిరగక అవతలకు పోయి పడింది. నేను దూరంగా వచ్చి, వామిని ఒక్కసారి ఒరుసుకుని, వేగం తగ్గకుండా దూరంగానే బయటపడ్డాను.

"అంత దూరం పోతే వామి చుట్టినట్టు కాదుమే" అన్నాడు ఓబులేసు.

జడలో ఇరుక్కున్న శనక్కట్టె పుల్ల తీసి చూపించాను. "మరి ఇది యాడిదప్పా?"

రెండు టైర్లు ఒకేసారి తోలడం నాకు రాదు గనక, ఓడిన టైరును మా ఇంటిదాకా వాడి చేతే మోయించాను.