ఏం రాసినా ఐదే

రాడార్ ఫైను కాగితం నా ముందు పెట్టినప్పుడు మా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

"ఏమయ్యా, బస్సు నడుపుతున్నావా, విమానం నడుపుతున్నావా?" అన్నాడు.

ఆయనది గోదావరి వైపు. నాది జగిత్యాల దగ్గర ఊరు. ఖతర్‌లో అందరి దగ్గరా వచ్చీరాని హిందీలో తిట్లు తినేవాణ్ని, ఆయన దగ్గర మాత్రం శుభ్రమైన తెలుగులో తినేవాణ్ని.

కాగితంలో ఉన్నది ఇదీ. అరవైలో వెళ్లాల్సిన చోట నా బస్సు ఎనభై ఎనిమిదిలో వెళ్లింది. టైము తెల్లవారుజామున నాలుగూ యాభై ఎనిమిది. స్పీడు పట్టే ఆ రాడార్ కెమెరా నుంచి మా సైట్‌కు ఇంకా పదిహేను కిలోమీటర్లు. ఆయన ఆ కాగితం పక్కనే అదే రోజు ట్రిప్ షీటు పెట్టాడు. అందులో నా చేతిరాతతో, నా సంతకంతో, సైట్‌కు చేరిన టైము ఐదు గంటలు అని ఉంది.

"రెండు నిమిషాల్లో పదిహేను కిలోమీటర్లు. గట్టోడివే," అన్నాడు.

ఆ షీటు సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. నేను బస్సు ఎక్కిన మొదటి రోజు దాన్ని నా చేతికిచ్చి, "వచ్చిన టైము దగ్గర ఐదు అని రాసెయ్. ఎప్పుడొచ్చినా, ఏం రాసినా ఐదే," అని నేర్పింది ఆయనే. అప్పటినుంచి శనివారం పొద్దున ఒక్కసారే కూర్చుని, ఒకే పెన్నుతో, వారం మొత్తానికీ ఐదు, ఐదు, ఐదు అని నింపేసేవాణ్ని. మా కంపెనీ డ్రైవర్లందరూ అంతే. ఇంకా తెల్లవారని రోజులకు కూడా మేం ముందే చేరుకునేవాళ్లం.

ఇందులో మోసం ఎంతో, అవసరం ఎంతో చెబుతాను. అవి వరల్డ్ కప్‌కు ముందటి ఏళ్లు. ఏ పని అడిగినా, ఏ సెలవు అడిగినా "కప్పు వస్తోంది" అనేదే జవాబు. మా క్యాంప్ మెసయీద్‌లో, సైట్ అల్ రయ్యాన్ అవతల కొత్త రోడ్ల పని. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బయట పని చేయించకూడదు గనుక డ్యూటీ ఐదింటికే మొదలయ్యేది. బస్సు నాలుగుంపావుకి బయలుదేరాలి. దారంతా తవ్వేసి ఉండేది. నిన్న ఉన్న మలుపు ఇవాళ ఉండదు, ఇవాళ్టి బోర్డు రేపు ఉండదు. రూలు ప్రకారం నడిపితే ఐదూ ఇరవైకి చేరతాం. కాస్త తొక్కితే ఐదూ పదికి. పావు దాటేవరకు సైట్ ఫోర్‌మన్ చూసీచూడనట్టు షీటు మీద సంతకం చేసేవాడు. పావు దాటిందా, బస్సులో ఉన్న యాభైమందికీ అరగంట కోత. అందుకే తొక్కేవాణ్ని. నా సరదా కోసం ఒక్క రోజూ తొక్కలేదు.

అసలు ఆ అరవై బోర్డు ముందురోజు పొద్దున అక్కడ లేనే లేదు. సాయంత్రం మా మనుషుల్లోనే నలుగురిని తీసుకుపోయి పాతించారు. వాళ్లలో మా కాక ఒకడు. సొంత కాక కాదు, మా పక్క ఊరి పెద్దమనిషి, బస్సులో ఎప్పుడూ నా వెనక సీట్లో కూర్చునేవాడు. ఫైను సంగతి చెప్పగానే తల గోక్కున్నాడు.

"గా బోర్డా? నేనే పాతిన బిడ్డా. సక్కగనే పాతిన. నీకు కనవడలే?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ ఏడాది నాకది రెండో స్పీడు కాగితం. రెండు పడితే డ్రైవర్‌ను బస్సు దింపి లేబర్‌లోకి పంపాలనేది మా కంపెనీ రూలు. చదివేవాళ్లకు ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. నేను ఆ దేశానికి పార పట్టడానికే వచ్చాను. నాలుగేళ్లు పట్టాను. అరచేతులు కాయలు కాసి, అన్నం కలుపుకుంటే మెతుకు తగిలేది తెలియకుండా పోయింది. ఆ నాలుగేళ్లలోనే చిట్టీ ఎత్తి డ్రైవింగ్ స్కూల్లో చేరాను, రెండుసార్లు టెస్టు తప్పాను, మూడోసారి పెద్ద బండి లైసెన్సు చేతికొచ్చింది. మళ్లీ పార దగ్గరికి పోవడమంటే నాకు చావుతో సమానం.

ఇన్‌ఛార్జి ఒక దారి చూపించాడు. డ్రైవింగ్ కోర్సుకు పోతే రెండో కాగితం లెక్కలోకి తీసుకోరట. రెండు శుక్రవారాలు. ఫైను మాత్రం ఎలాగూ నా జీతంలోనే పోతుంది. కోర్సుకు ముందు ఒక ఫారం మీద సంతకం చేయాలి. ఫారంలో స్పీడుకు కారణాలు వరసగా అచ్చువేసి ఉన్నాయి. ఫోన్ మాట్లాడటం, నిద్రమత్తు, అజాగ్రత్త. ఆయన ముందే అజాగ్రత్త దగ్గర టిక్కు పెట్టి ఉంచాడు.

"నేను అజాగ్రత్తగ నడపలే సార్. టైమ్ సాలక నడిపిన. గది రాయుండ్రి," అన్నాను.

"ఆ గడి లేదు కదయ్యా ఇందులో."

"లేకపోతే పక్కన రాయుండ్రి."

"అలాగే రాస్తాను. దాంతోపాటు ఈ దొంగ షీటు కూడా పైకి పంపిస్తాను. ఏది కావాలో నువ్వే చెప్పు తమ్ముడూ."

తమ్ముడూ అన్నాడు. ఆ మాట అని ఉండకపోతే ఇంత కోపం మిగిలేది కాదేమో. టేబుల్ మీద పెన్ను తీసి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టి బయటికొచ్చాను.

ఆ రోజు ఫోన్లో మా ఆవిడతో చెబితే, "దుబాయ్‌ల గూడ ఫైన్లు ఏస్తరా? మంచిగనే ఉన్నదని చెప్తివి గద," అంది. ఇది దుబాయ్ కాదే అని ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో దుబాయే. ఆమె మీద కూడా అరిచాను. తప్పు నాదే.

శుక్రవారం మాకు ఒక్కటే సెలవు. బట్టలు ఉతుక్కునేది, గడ్డం గీయించుకునేది, ఇంటికి తీరిగ్గా ఫోన్ చేసేది ఆ రోజే. ఆ రోజు నన్ను ఒక చల్లటి హాల్లో కూర్చోబెట్టి, నుజ్జయిన కార్ల వీడియోలు చూపించారు. నాతోపాటు పాతికమంది డ్రైవర్లు, అన్ని దేశాలవాళ్లూ. నేర్పే ఆయన పెషావర్ వైపు ముసలాయన, ఒకప్పుడు ట్రైలర్లు నడిపినవాడు. మనిషి మంచివాడని చూడగానే తెలిసింది. అయినా ఆయన మీదా కోపమే నాకు, ఆ పూటకి ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ల మీద.

ఆయన ఒక్కొక్కరినీ లేపి, ఎందుకు తొందరపడ్డావని హిందీలో అడిగాడు. ఒకడు ఫోన్ అన్నాడు, ఒకడు నిద్ర అన్నాడు. అందరూ తలవంచుకుని ఫారంలో ఉన్నవే అప్పజెప్పారు. నా వంతు వచ్చేసరికి ఆగలేకపోయాను. క్యాంప్ ఎక్కడో, సైట్ ఎక్కడో, ఎప్పుడు బయలుదేరమంటారో, ఎప్పటికి చేరమంటారో గొంతు పెంచి చెప్పాను. ఇప్పుడు చెప్పు, అజాగ్రత్త ఎవరిది అని అడిగాను.

ముసలాయన కోప్పడలేదు. బోర్డు మీద దూరం వేశాడు, రూలు స్పీడు వేశాడు, తవ్విన రోడ్ల దగ్గర పోయే నిమిషాలు కలిపాడు. మొత్తం గంటా ఐదు నిమిషాలు తేలింది. మా కంపెనీ ఇస్తున్నది ముప్పావుగంట. ఆయన చాక్‌పీసు కింద పెట్టి, "నీ లెక్క నిజమే భాయ్," అన్నాడు.

ఆ దేశంలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయన. రెండో శుక్రవారం సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు, దాని వెనక ఆ లెక్కంతా రాయమని పట్టుబట్టాను. ఎందుకన్నాడు. మా ఆఫీసులో పెడతానన్నాను. ఆయన ఇంగ్లీషులో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. దాని సారాంశం, ఈ దారికి ఇచ్చిన సమయం చాలదు, మార్చాలి అని.

గెలిచాననుకున్నాను. శనివారం ఆ సర్టిఫికెట్‌ను ఇన్‌ఛార్జి టేబుల్ మీద పడేసినట్టే పెట్టాను. వెనక్కి తిప్పి చదివాడు. ఈసారి నవ్వలేదు. నాకు తృప్తిగా అనిపించింది. బస్సులో కాకకు కూడా చెప్పాను, ఇక డ్యూటీ ఐదున్నరకు అవుతుంది చూడు అని.

"అయితే మంచిదే బిడ్డా," అన్నాడు కాక.

మూడో రోజు మెస్‌హాల్ గోడ మీద నోటీసు పడింది. బయటి ట్రైనర్ రాతపూర్వకంగా చెప్పాడు గనుక, భద్రత కోసం టైము మారుస్తున్నారు. డ్యూటీ ఐదింటికే. బస్సు మాత్రం మూడుముప్పావుకు.

అంటే ఏమిటో క్యాంప్‌లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. గదికి ఎనిమిదిమంది, వరుసకు రెండు బాత్‌రూములు. లైనులో నిలబడాలి, మధ్యాహ్నం డబ్బా నింపుకోవాలి. అప్పటిదాకా మూడింటికి లేచేవాళ్లు ఇక రెండున్నరకు లేవాలి. రోజుకు అరగంట నిద్ర యాభైమందికి పోయింది. నేను కోరి, పట్టుబట్టి, ముద్ర వేయించుకుని తెచ్చిన కాగితంతో పోయింది.

మర్నాడు బస్సు ఎక్కేటప్పుడు ఎవరూ నాతో మాట్లాడలేదు. రోజూ ముందు ఎక్కి పాటలు పెట్టమనేవాళ్లు కూడా. నేను అరవైలో అరవై, ఎనభైలో ఎనభై, ఒక్క గీత దాటకుండా నడిపాను. నాలుగూ యాభైకి సైట్ గేటు ముందు బస్సు ఆగింది. గేటు ఐదింటికి గానీ తెరవరు. అందరం లోపలే కూర్చున్నాం.

వెనక సీట్లోంచి కాక మెల్లగా అన్నాడు. "అరగంట జీతం కోస్తరని నువ్వు ఉరికిస్తివి. గది ఎప్పుడో ఒక్కనాడు. ఇప్పుడు దినాం అరగంట కోత పడ్డది, జీతంల కాదు, పానంల. గిది యే కాయితంల రాస్తర్రా?"

కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. నిజంగా అడిగాడు.

షీటు తీశాను. ఆ వారం నేను ముందుగా నింపలేదు. ఇక నిజమే రాయాలని ఒట్టు పెట్టుకున్నాను. చేరిన టైము దగ్గర నాలుగూ యాభై అని అచ్చులాగా రాసి, వెనక్కి తిరిగి కాకకు చూపించాను. ఇగో, ఇక్కడ రాసిన కాకా అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ అంకెలు చూసి తలూపాడు.

సాయంత్రం ఇన్‌ఛార్జి పిలిచాడు. షీటు ఆయన చేతిలో ఉంది.

"ఏమయ్యా, పది నిమిషాలు ముందొచ్చామని రాస్తావేంటి? రేపు ఈ యాభైమందీ ఆ పది నిమిషాలకి ఓవర్‌టైమ్ అడిగితే ఎవడిస్తాడు? కొట్టేసి ఐదు రాయి."

"నిజంగనే నాలుగు యాభైకి వోయినం సార్."

"తెలుసు. ఐదు రాయి." ఇంకో కాగితం పక్కకు జరిపాడు. నా రెండో స్పీడు కాగితం. "ఇది లెక్కలోంచి తీశామని ఇంకా పైకి పంపలేదు."

ఆ గదిలో నాకు వచ్చిన కోపం జన్మలో రాలేదు. ఆ టేబుల్ తిరగేసి, ఆ కాగితాలన్నీ ఆయన నోట్లో కుక్కి, నా పార నాకివ్వు అని బయటికి రావాలి. ఎన్నోసార్లు మనసులో అలాగే వచ్చాను.

నిజంగా చేసింది మాత్రం, పెన్ను తీసి నాలుగూ యాభైని అడ్డంగా కొట్టేసి, పక్కన ఐదు అని రాయడం. కొట్టివేత దగ్గర సంతకం కూడా పెట్టమన్నాడు. పెట్టాను.

కప్పు వచ్చేదాకా ఆ బస్సు నేనే నడిపాను. మళ్లీ ఒక్క ఫైను కూడా పడలేదు. రోజూ గేటు ముందు ఆ పది నిమిషాలు బస్సులో అందరూ నిద్రపోయేవాళ్లు. కాక ఒక్కడే మెలకువగా ఉండి, నేను షీటు తీసినప్పుడల్లా భుజం మీదుగా చూసేవాడు. నేను చేయి అడ్డం పెట్టుకుని రాసేవాణ్ని.