టేపు మాస్టారు

పరుగుల కోచ్‌ని పిల్లలు చాటుగా టేపు మాస్టారు అంటారు. రోజూ పొద్దున్నే వాళ్లను మైదానం గోడకు నిలబెట్టి, మడమలు ఎత్తకుండా పాదాలు నొక్కిపట్టి మరీ టేపుతో ఎత్తు కొలుస్తాడు. "కాళ్లు పొడుగైతే దమ్మూ పొడుగే" అన్నది ఆయన వేదవాక్కు. జట్టు ఎంపిక రోజున అందరికంటే పొట్టిపిల్లను చివర నిలబెట్టి, "నువ్వూ పరుగెత్తమ్మా, సరదాకి" అన్నాడు. పరీక్ష ఏమిటంటే, మాస్టారు కొట్టే గంట మళ్లీ మోగేలోగా ఈ గీత నుంచి ఆ గీతకు చేరాలి. గంట రానురాను తొందరపడుతుంది. ఈ ఏడే జానెడు పొడుగు సాగిన పిల్లలు ఇరవయ్యో విడతకే చతికిలబడ్డారు. పొట్టిపిల్ల ఒక్కతే ఉడతలా ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. గంట కొట్టి కొట్టి మాస్టారి చెయ్యి పడిపోయింది. "ఇక ఆగవే తల్లీ!" అని బతిమాలి, జట్టు చొక్కా తానే తొడిగాడు. అది మోకాళ్లు దాటింది.

"పరవాలేదులే, ఏడాదిలో ఎదుగుతావు" అని అంచు మడుస్తుంటే ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"ఎదిగితే జట్టులోంచి తీసేస్తారా మాస్టారూ?"