ఎక్స్‌రే ఫిల్ము మీద రీడింగ్ రూమ్ గోడ

విశ్వవిద్యాలయం ఫొటో విభాగంలో నా సర్వీసు చివరి ఏడాది, వానలు తగ్గుముఖం పట్టిన వారంలో ఒక పని అప్పగించారు. మరమ్మతులు మొదలయ్యేలోగా పాత రాతి భవనాన్ని, అందులోని రీడింగ్ రూమ్‌ను పెద్ద ఫిల్ము మీద తీసి భద్రపరచాలి. డిజిటల్ ఫైళ్లు ఒకసారి పోగొట్టుకున్న చరిత్ర శాఖ, నెగటివే కావాలని పట్టుబట్టింది.

మా స్టోరులో ఒక పాత వ్యూ కెమెరా ఉంది. దాని లెన్సు పలకను పైకి జరిపితే చాలు, కెమెరాను వంచకుండానే భవనం పైభాగం కూడా పడుతుంది. గోడలు వెనక్కి వాలినట్టు రావు. ఒక్కో ఫొటోకు ఒక్కో ఫిల్ము షీటు. విదేశీ షీట్లకు మంజూరైన నిధులు చాలవు. అందుకని తార్నాకలో ఆసుపత్రులకు సామగ్రి సరఫరా చేసే దుకాణంలో ఎక్స్‌రే ఫిల్ము కొని, ఎర్ర దీపం కింద కోసి వాడాను. దానికి రెండు వైపులా మందు పూత ఉంటుంది కనుక కడిగేటప్పుడు గీతలు పడే ప్రమాదం ఎక్కువ.

ప్రింటులో రీడింగ్ రూమ్ బయటి గోడ మీద, రెండు కిటికీల కింద నల్లటి పగుళ్లు కనిపించాయి. వెళ్లి చూస్తే గోడ మామూలుగానే ఉంది. ఫిల్ము మీద గీతలేమోనని మళ్లీ తీశాను. అవే చోట్ల అవే పగుళ్లు. నాకేమీ పాలుపోలేదు.

ఈలోగా ప్రింటు చూసిన అసిస్టెంట్ ఇంజనీర్ నర్సింహులు గారు రీడింగ్ రూమ్‌కు తాళం వేయించారు.

“ఎక్స్‌రే ఫిల్మ్ కద సార్, గోడ లోపలి పగులు పట్టేసింది” అన్నారు.

ఎక్స్‌రే యంత్రం లేనిదే అది మామూలు ఫిల్మేనని చెప్పాను.

“మరి పగులెట్ల వచ్చింది?”

ప్రింటు తీసుకుని బయటికి వచ్చాను.

గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న లలిత అనే విద్యార్థిని నన్ను మెట్ల మీద ఆపింది. “సార్, ఎగ్జామ్ నెత్తి మీదున్నది. చదువుకుందామంటే హాస్టల్ల జాగ లేదు. మీ ఫోటో నిజమా, గోడ నిజమా? ఏదో ఒకటి చెప్పుండ్రి.”

తేల్చి చెబుతానన్నాను.

ఆదివారం ఫిల్మును పరీక్షిద్దామని మా ఇంటి బాల్కనీలో నా భార్య సువర్ణను కూర్చోబెట్టి ఒక ఫొటో తీశాను. ప్రింటు చూసి ఆమె ముఖం చిట్లించింది. “ఎర్ర చీర కట్టుకున్న గద, గిట్ల కర్రెగ వచ్చిందేంది? కుంకుమ గూడ కర్రెగనే ఉన్నది.”

అప్పుడు తట్టింది. ఎర్ర దీపం కింద పాడవని ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్రగా ఉన్నదేదైనా ప్రింటులో నల్లగానే పడుతుంది. కిటికీ ఊచల తుప్పు వాననీటితో కారి గోడ మీద లేత ఎర్ర చారలు కట్టింది. వాటినే నేను పట్టించుకోలేదు.

మర్నాడు నర్సింహులు గారి ఎదుటే ఆ చారలు కడిగించాను. లలిత కూడా వచ్చి నిలబడింది. మొదటిది పూర్తిగా పోయింది, కింద రాయి నున్నగా ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. రెండోది పోయాక మాత్రం దాని కింద సన్నని పగులు బయటపడింది. నిజమైనదే.

“నేను చెప్పలే? ఎక్స్‌రే!” అన్నారు నర్సింహులు గారు. ఎంత వివరించినా ఆయన నమ్మలేదు. పగులున్న వైపు మూసి ఉంచి, మిగతా సగం గది తెరిపించారు. లలిత ఇంకేమీ అడగకుండా పుస్తకాలతో లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఫొటో తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. నేర్చుకున్నది ఒక్కటే: ప్రింటు ఇచ్చేటప్పుడు అది ఏ ఫిల్ము మీద తీసినదో, ఆ ఫిల్ముకు ఏ రంగు కనబడదో కూడా చెప్పి ఇవ్వాలి.