దుమ్ము దులుపుకొని లేచే హీరో

నెలనెలా ఒకే హీరోతో వచ్చే డిటెక్టివ్ నవలల్లో కొత్తది ఈ రోజు ఎర్రగుంట్ల బస్సులో ప్రొద్దుటూరు చేరింది. అద్దె పుస్తకాల అంగడిలో తీసుకుని తిన్నగా మా పక్కింటి మస్తాన్ మామ దగ్గరికి పోయాను. మామకు చదువు రాదు. ఏళ్లుగా ఈ నవలలన్నీ నేనే చదివి వినిపిస్తున్నాను. పోయిన నెల నాపరాళ్ల గనిలో జారిపడి ఆయన నడుము విరిగింది. ఇక లేవడన్నారు డాక్టర్లు.

దారిలో పేజీలు తిరగేస్తే, హీరో కొండ మీది నుంచి పడే ఘట్టం కనబడింది. చదివేటప్పుడు ఆ పేజీని మెల్లగా దాటేశాను.

"ఆగప్పా," అన్నాడు మామ. "వాడు ప్రతి పుస్తకంలో ఒకసారి పడతాడు కదా. ఇంగా పడల్యా. ఆ పేజీ యాడికి పాయ?"

దొరికిపోయాక చదవక తప్పలేదు. రెండు వందల అడుగుల పైనుంచి పడ్డ హీరో లేచి, ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకొని, దొంగల కారు వెంట పరుగెత్తాడు.

"దుమ్ము దులుపుకున్న్యాడా? అంతేనా?"

"అంతే మామా. వట్టి అబద్ధాల రాతలు. వచ్చే నెల నుంచి తేను పో."

"తేకుంటే ఎట్లప్పా? ఆ లేచేది ఇంకోసారి చదువు."

మూడుసార్లు చదివించుకున్నాడు. మూడుసార్లూ పళ్లు నూరుకుంటూనే చదివాను. ఇన్నేళ్లుగా నెలకొకసారి హీరోను పడేసి లేపుతున్న ఆ రచయిత, తన ఇంటి మెట్ల మీది నుంచైనా ఎప్పుడైనా పడ్డాడా? మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.